క్లాసులో నేనెంతసేపు మాట్లాడతాను?

ఇంగ్లిష్ పేపర్ చదివితే నాకు చాలావరకు అర్థమవుతుంది. డిగ్రీ దాకా తెలుగు మీడియమే అయినా గ్రామర్ గట్టిగానే నేర్పారు. ఈ మహానగరానికి వచ్చాక మాత్రం అది చాలలేదు. ఎవరైనా ఏదో అడిగి జవాబు కోసం చూస్తుంటే, మనసులో వాక్యం కుదిరేలోపే వాళ్లు ఇంకో మాటలోకి వెళ్లిపోయేవారు. ఫోన్‌లో అయితే మరీ టెన్షన్, చేతి సైగలకు కూడా వీలుండదు. డాక్టర్ దగ్గర నా నొప్పి గురించి మా ఆయన చెబుతుంటే పక్కన కూర్చుని వినేదాన్ని. అది ఎక్కడ మొదలవుతుందో, ఎలా లాగుతుందో తెలిసింది నాకు కదా! నా ఒంటి సంగతి నేనే చెప్పుకోవాలని గట్టిగా అనిపించింది. క్లాసు కోసం వెతకడం మొదలుపెట్టింది అందుకే.

ఫోన్‌లో వెతికితే ముందు వచ్చేవన్నీ ప్రకటనలే. నెల రోజుల్లో గలగలా మాట్లాడిస్తామంటారు. కొత్తగా వచ్చినవాళ్లు డబ్బు కట్టేముందు ఒక లెక్క తెలుసుకోవాలి. భాష ఎంత వచ్చో కొలవడానికి కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ఒక పద్ధతి ప్రచురించింది. ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు మెట్లు. పరిచయాలు, రోజువారీ చిన్న అవసరాల వరకు ఏ1, ఏ2 మెట్లు. తెలిసిన విషయాల్లో తన పని తాను నడుపుకోగలిగితే బీ1. పెద్దగా తడుముకోకుండా సంభాషణ సాగించగలిగితే బీ2. కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ అంచనా ప్రకారం మొదటి నుంచి మొదలుపెట్టినవాళ్లు ఏ2 చేరడానికి 180 నుంచి 200 గంటలు, బీ1కి 350 నుంచి 400, బీ2కి 500 నుంచి 600 గంటల పాఠం పడుతుంది. రోజుకు రెండు గంటల చొప్పున నెలంతా మానకుండా వెళ్లినా అయ్యేది 60 గంటలే. ఈ లెక్క చూశాక నాకు నిరుత్సాహం రాలేదు, ధైర్యం వచ్చింది. ఆలస్యం నా తెలివిలో లోపం కాదు, ఎవరికైనా పట్టే సమయమే అది.

ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ గురించి కూడా చాలామంది చెప్పారు. వీసాకో, యూనివర్సిటీ సీటుకో ఆ స్కోరు అడిగితే తప్పక వెళ్లాలి. అందులో మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది, కోచింగ్‌లో దానికే తయారుచేస్తారు. నా అవసరం వేరు.

డెమో క్లాసుకు వెళ్లిన ఒక ఇన్‌స్టిట్యూట్‌లో నన్ను ఏమీ అడగకుండానే ఫారం ఇచ్చి, నేరుగా క్లాసులో కూర్చోబెట్టారు. గది నిండా జనం. అప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్నవాళ్లూ, ఆఫీసులో రోజూ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లూ ఒకే గదిలో ఉన్నారు. సార్ బాగానే చెప్పారు, పాపం గొంతు పోయేలా చెప్పారు. కానీ ఆ గంటంతా మాట్లాడింది ఆయనొక్కరే. మేము టెన్సులు రాసుకున్నాం. టెన్సులు నాకు ముందే వచ్చు.

అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా ఒకటే అడిగేదాన్ని: "గంట క్లాసులో నేను ఎంతసేపు మాట్లాడతాను?" కొందరు నవ్వేసి ఊరుకున్నారు. కొందరు సిలబస్ పుస్తకం చూపించారు.

లైబ్రరీ నోటీసు బోర్డు మీద చూసి వెళ్లిన కమ్యూనిటీ సెంటర్‌లో మాత్రం, క్లాసుల బాధ్యత చూసే మేడమ్ నన్ను కూర్చోబెట్టి మాటల్లో పెట్టారు. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, నిన్న ఏం చేశారు అని మొదలై, ఊరు మారడం మంచిదేనా, ఎందుకు అనేదాకా ప్రశ్నలు పెరిగాయి. నేను ఆగిపోయిన చోట ఆవిడా ఆపారు. తర్వాత ఒక పేజీ చదివించారు, నాలుగు వాక్యాలు రాయించారు. చివర్లో "ఇంగ్లిష్ మీకు ఎక్కడ కావాలి?" అని అడిగారు. డాక్టర్ దగ్గర అన్నాను. చదవడంలో నేను పై మెట్టు మీద, మాట్లాడటంలో బాగా కింద ఉన్నానని చెప్పి, మాట్లాడే స్థాయిని బట్టే క్లాసు ఇచ్చారు. మనలా పుస్తకాల్లో ఇంగ్లిష్ నేర్చుకున్నవాళ్లకు ఈ తేడా మామూలేనట. ఆ ఇంటర్వ్యూ చూస్తే నా స్థాయి కంటే ముందు ఆ క్లాసు స్థాయి నాకు తెలిసింది. చేర్చుకునేముందు మీతో మాట్లాడని చోట, చేరాక మీ చేత మాట్లాడిస్తారని నేను నమ్మను.

అక్కడ పాఠం ఇలా ఉండేది. నా కాగితంలో బస్సుల వేళలు, నా జోడీ కాగితంలో స్టాపుల పేర్లు. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. అడిగి తెలుసుకుంటేనే పని పూర్తవుతుంది. నా జోడీ మాతృభాష వేరు, కాబట్టి ఇద్దరికీ ఇంగ్లిష్ తప్ప దారి లేదు. అందుకే మన తెలుగువాళ్లు క్లాసులో కలిస్తే సంతోషంగా పలకరించండి, ఫోన్ నంబర్లు తీసుకోండి, పక్కన మాత్రం కూర్చోకండి. ఇది ప్రేమతోనే చెబుతున్నాను.

ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో ఉన్నవాళ్లు "స్పోకెన్ ఇంగ్లిష్" అని కాకుండా "ఈఎస్ఎల్" (ESL) అనో "ఈసాల్" (ESOL) అనో వెతకండి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు నేర్పే క్లాసులని వాటి అర్థం. లైబ్రరీలు, వయోజన విద్యా కేంద్రాలు, ప్రభుత్వ కాలేజీలు నడిపే క్లాసులు ఆ పేర్లతో ఉంటాయి. చాలాచోట్ల ఫీజు ఉండదు, ఉన్నా తక్కువే. వెయిటింగ్ లిస్ట్ ఉందంటే వెనక్కి రాకండి, పేరు రాయించి కొత్త టర్మ్ ముందు మళ్లీ అడగండి. మధ్యలో మానేసేవాళ్లు ఉంటారు, సీట్లు ఖాళీ అవుతాయి. ఈలోగా వినడం సాధన చేయడానికి బీబీసీ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిష్ నేర్పడం వాళ్లు రేడియోలో 1943లోనే మొదలుపెట్టారు. నేను ఒక్కో వాక్యం దగ్గర ఆపి, అదే ఊపులో పైకి అనేదాన్ని.

పిల్లలున్న ఆడవాళ్లు ఇంకో రెండు విషయాలు ముందే అడగాలి: పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఉందా, క్లాసు అయ్యాక ఇంటికి బస్సు ఉందా. నాతో చేరినవాళ్లలో మానేసినవాళ్లు ఆసక్తి లేక మానలేదు. ఈ రెండూ కుదరకే మానేశారు. టైమింగ్స్ పెట్టేవాళ్లు ఇది ఆలోచించాలని నా గట్టి కోరిక.

మా పై అంతస్తులో ఉండే అక్క రాత్రి షిఫ్టు చేస్తుంది. పొద్దున క్లాసంటే నిద్ర మానుకోవాలి, సాయంత్రమంటే డ్యూటీ టైమ్. లైబ్రరీలో శనివారం మధ్యాహ్నం సంభాషణ గ్రూపు ఉందని తెలిసింది, కానీ అది ఆమె స్థాయికి కాస్త ఎక్కువ. అడిగి చూద్దాం, ఈ వారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.