కిలోలు తగ్గాయి, కడుపు మాత్రం సాఫ్ కాలేదు

బరువు తగ్గడానికి చేసే స్లీవ్ ఆపరేషన్ అయ్యాక మా స్టాఫ్ రూంలో, చుట్టాల ఇళ్లలో, ఆఖరికి దేవరకొండ బస్సులో పక్క సీటావిడ కూడా అడిగింది ఒక్కటే: ఎన్ని కిలోలు తగ్గావు? తగ్గాను. 112 దగ్గర మొదలుపెట్టి ఇప్పుడు 79 మీద ఉన్నాను. షుగర్ మాత్ర ఒకటి పోయింది, మోకాళ్లు మాట వింటున్నాయి. ఆ కథ చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. నేను రాస్తున్నది బాత్రూం సంగతి. అది ఎవరూ అడగరు, అడిగినా మనకు చెప్పబుద్ధి కాదు. హైదరాబాద్‌లో ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన డిశ్చార్జ్ కాగితంలో కూడా దానికి దక్కింది ఒక్క లైను: మోషన్ రాకపోతే రాత్రి పడుకునే ముందు సిరప్ మూడు చెంచాలు. ఎక్కడెక్కడ ఎన్ని కుట్లు వేశారో మాత్రం పేజీ నిండా ఉంది.

స్లీవ్ అంటే జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా కుట్టేయడం. పేగుల జోలికి పోరు. ఆపరేషన్‌కు ముందు డాక్టర్ గారు బొమ్మ గీసి మరీ చెప్పారు. అందుకే నాకు అర్థం కాలేదు. పేగులను ముట్టుకోనేలేదు కదా, మరి మోషన్ ఎందుకు బిగుసుకోవాలి?

మొదటి రోజుల్లో పెద్దగా టెన్షన్ పడలేదు. వార్డులో నర్సులు పొద్దున, సాయంత్రం అడిగేది గ్యాస్ పోతోందా అనే. మత్తు వదిలాక పేగులు కదలడం మొదలుపెట్టాయని చెప్పే గుర్తు అదే. గ్యాస్ పోయింది, ఇంటికి పంపారు. నొప్పికి ట్రమడాల్, వాంతులు రాకుండా ఆన్‌డాన్‌సెట్రాన్ రాశారు. రెండూ పేగుల కదలికను నెమ్మది చేసేవే. ఆ మాత్రలు ఆపాక దానంతటదే సర్దుకుంటుందన్నారు.

మాత్రలు ఆపాను. సర్దుకోలేదు.

నాకు తోడుగా ఉండడానికి మా అమ్మ కల్వకుర్తి దగ్గర ఊరి నుంచి వచ్చింది. మాది ఆముదం పండే నేల. పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఆముదం విత్తనాలే మా నాన్న ఏటా వేసేవాడు. అమ్మకు కడుపులో ఏ బాధకైనా మందు ఒక్కటే, ఇంట్లో వండి తీసిన ఆముదం. సీసా సంచిలో పెట్టుకునే బస్సెక్కింది. "జరంత పాలల్ల కలిపి తాగు బిడ్డా, తెల్లారేసరికి సాఫ్ అయితది" అని రోజూ మొదలుపెట్టేది. మా అత్తమ్మది వేరే వాదన. "నాలుగు చెంచాల జావ తాగే మనిషికి ఏమస్తది వదినా? లోపలికి పోతేగద బయటికి వచ్చేది" అనేది. ఇద్దరూ నా కడుపు గురించి వసారాలో పంచాయతీ పెడితే నేను లోపల గదిలో పడుకొని వినేదాన్ని.

ఫోన్లో డైటీషియన్ చెప్పింది వింటే అత్తమ్మే గెలిచింది. మొదటి రెండు వారాలు ద్రవాలే: చికెన్ సూప్ వడగట్టిన నీళ్లు, పలచటి మజ్జిగ, పెసర కట్టు, ప్రొటీన్ పౌడర్. అందులో పీచు ఎక్కడిది? తరువాత మెత్తటివి మొదలుపెట్టినా కప్పులో సగం దగ్గర కడుపు నిండిపోతుంది. పైగా పెద్ద భోజనం చేసినప్పుడు జీర్ణాశయం సాగి, పెద్ద పేగును కదలమని హెచ్చరిస్తుంది. పొద్దున టీ టిఫిన్ అవగానే చాలామందికి బాత్రూం గుర్తుకొచ్చేది అందుకే. అరకప్పు తిండితో ఆ హెచ్చరిక కూడా బలంగా అందదు. కాబట్టి రోజూ రావాలని పట్టుబట్టొద్దు, రెండు మూడు రోజులకోసారి వచ్చినా మెత్తగా, ముక్కకుండా వస్తే అది జబ్బు కాదు అంది. తక్కువ రావడం వేరు, గట్టిపడడం వేరు. ఆ తేడా ఆపరేషన్‌కు ముందే చెప్పి ఉంటే సగం బెంగ తగ్గేది.

కానీ నాది గట్టిపడే రకమే. స్కూల్లో మళ్లీ చేరిన కొత్తలో ఒక పొద్దున ముక్కీ ముక్కీ లేచేసరికి రక్తం కనబడింది. లోపల కుట్లే ఊడాయనుకున్నాను. మా ఆయన కారు తీశాడు, ఇక్కడే నల్లగొండలో సర్జన్ దగ్గరికి పోయాం. ఆయన చూసి ఫిషర్ అన్నారు, అంటే గట్టి మలం రాసుకొని మలద్వారం దగ్గర చర్మం చీలడం. ఎర్రగా, పైపైన అంటుకొని వచ్చే రక్తం చాలావరకు అక్కడిదేనట, అయినా చూపించుకోకుండా ఊహించుకోవద్దన్నారు. పూతమందు ఇచ్చి, టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకొని కూర్చోమన్నారు. నొప్పి సంగతి చెప్పను, పడ్డవాళ్లకు తెలుసు. ఆ నొప్పికి భయపడి ఆపుకుంటాం, ఆపుకున్న కొద్దీ పెద్దపేగు ఇంకా నీరు పీల్చి దాన్ని మరింత గట్టిచేస్తుంది.

ఆ డాక్టర్ గారే అడిగారు, రోజుకు నీళ్లు ఎన్ని తాగుతున్నారమ్మా అని. ఆపరేషన్ అయినవాళ్లకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా చెబుతారు. వినడానికి తేలికే. గ్లాసెత్తి గటగటా తాగడం ఇక కుదరదు, గుక్క గుక్కగా రోజంతా తాగుతూనే ఉండాలి. తినేటప్పుడు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగాలి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది బడి వేళే. మా బడిలో లేడీ టీచర్లందరికీ ఉన్నది ఒకే లెట్రిన్. అది గ్రౌండ్ అవతల, నీళ్లు డ్రమ్ములోంచి మోసుకుపోవాలి, గొళ్లెం ఉన్న రోజు ఉంటుంది లేని రోజు లేదు. అందుకే మాలో చాలామంది పొద్దున బస్సెక్కింది మొదలు ఇల్లు చేరేదాకా గొంతు తడుపుకోవడమే తప్ప నీళ్లు తాగరు. దీన్ని ఆడవాళ్ల నిర్లక్ష్యం అనేవాళ్లను ఒక్క వారం మా బడికి పంపాలి. మా నల్లగొండ ఒకప్పుడు నీళ్లంటేనే భయపడ్డ జిల్లా. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషుల్ని చూస్తూ పెరిగిన పిల్లలే ఇప్పుడు నా తోటి టీచర్లు. ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాలోనే వస్తున్నాయి, తాగడానికే జంకాల్సి వస్తోంది.

హెడ్‌మాస్టర్ గారితో నేనొక్కదాన్నే మాట్లాడితే పని కాదని ముగ్గురం కలిసి వెళ్లాం. కొత్త గొళ్లెం, బయట ఒక నల్లా వచ్చాయి. నాకు ఏ సిరప్ ఎంత పనిచేసిందో గానీ ఆ నల్లా బాగా పనిచేసింది.

అయినా పూర్తిగా తేలలేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది, అంటే రక్తం తక్కువ. నెలసరి ఉన్న ఆడవాళ్లకు ఈ ఆపరేషన్ తరువాత ఐరన్ మాత్ర తప్పదు. ఆ ఐరనే మలాన్ని నల్లగా, గట్టిగా చేస్తుంది. దాంతో పాటు కాల్షియం కూడా ఇచ్చారు. మెడికల్ షాపులో చేతికొచ్చింది కాల్షియం కార్బొనేట్. ఫాలోఅప్‌లో డైటీషియన్ మాత్రల పట్టీ చూసి సిట్రేట్‌కు మార్చింది. కార్బొనేట్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం బాగా ఉండాలి, కత్తిరించిన జీర్ణాశయంలో అది తక్కువ. పైగా కార్బొనేట్‌తో మలబద్ధకం ఎక్కువ. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి, ఐరన్ వేసుకున్నాక వెంటనే టీ తాగొద్దు అంది. టీ విషయంలో మా అత్తమ్మ ఇప్పటికీ నన్ను కాపలా కాస్తోంది.

ఐరన్ ఆపేస్తే మోషన్ బాగవుతుంది, కానీ నడిస్తే ఆయాసం వస్తుంది. నేను ఆపుతానన్నాను, డాక్టర్ గారు ఒప్పుకోలేదు. రోజు విడిచి రోజు వేసుకోమన్నారు, అలా వేస్తే ఒంటికి పట్టడం కూడా బాగుంటుందట. కడుపు కాస్త వదులైంది.

ఇక మందుల సంగతి. లాక్టులోజ్ సిరప్ నాకు పడలేదు. మోషన్ వచ్చేది కానీ కడుపు ఉబ్బి, ఎనిమిదో తరగతి పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పలేనంత గ్యాస్. దాని బదులు పాలీఇథిలీన్ గ్లైకాల్ పౌడర్ రాశారు, నీళ్లలో కలిపి మెల్లగా తాగాలి. అది పేగుల్ని కొట్టి తోలదు, మలంలో నీటిని నిలిపి మెత్తగా ఉంచుతుందంతే. ఇసబ్‌గోల్ మొదటి నెలల్లో వద్దే వద్దన్నారు. అది నీటిని పీల్చి ఉబ్బే పొట్టు. పెద్ద గ్లాసు నీళ్లు ఒకేసారి తాగలేని మనిషి వేసుకుంటే గొంతులోనో పేగులోనో అడ్డంపడే ప్రమాదం ఉంది. షాపులో అడిగితే చాలు ఇచ్చే బలమైన విరేచనాల మాత్రలు, సునాముఖి పొడి, మా అమ్మ ఆముదం, అన్నీ పేగును గిచ్చి పరుగెత్తించే జాతివి. అసలే నీరు చాలని ఒంట్లోంచి ఉన్న నీళ్లు కూడా పోతాయి, మెలిపెడుతుంది. ఈ మాట డాక్టర్ గారి చేతనే ఫోన్లో అమ్మకు చెప్పించాను. "దీని నాయిన అదే తాగి ఎనభై ఏండ్లు బతికిండు గద సారూ" అంది. ఆయన నవ్వి, ఆయనకు జీర్ణాశయం పూర్తిగా ఉండేది తల్లీ అన్నారట. సీసా అమ్మతో పాటే కల్వకుర్తి తిరిగి వెళ్లిపోయింది. అంతకుముందు కొంచెం నా తలకు రాసింది.

తిండిలో నేను కనిపెట్టిందేమీ లేదు, మన వంటింట్లో ఉన్నవే. జొన్నరొట్టె మొదట్లో గొంతు దిగదు, జొన్న గట్క పలచగా చేసుకుంటే దిగుతుంది. బీరకాయ, సొరకాయ పప్పు. గుడ్డో చేపో ముందు తిని, ఆ తరువాత కూర, చోటుంటే గట్క. ఎందుకంటే ప్రొటీన్ రోజుకు 60 గ్రాములకు తగ్గొద్దు. సాయంత్రం బొప్పాయి ముక్కలు. నల్లగొండలో ఉండి బత్తాయి తినకపోతే పాపం గానీ, రసం తీసి తాగితే వచ్చేది చక్కెర నీళ్లే, పీచంతా పిప్పిలో పోతుంది. తొనలు ఒలిచి నమిలి తినాలి. బత్తాయి ధర పడిపోయిన నెలల్లో మా ఇంట్లో అందరికీ మోషన్ బాగానే అయింది.

అందరికీ ఇదే బాధ ఉంటుందని అనుకోవద్దు. మహబూబ్‌నగర్‌లో ఉండే మా చిన్నమ్మ కొడుకు బైపాస్ రకం ఆపరేషన్ చేయించుకున్నాడు, అందులో పేగుల దారి కూడా మారుస్తారు. వాడిది నాకు పూర్తిగా ఎదురు. "అక్కా, పెండ్లిల ఒక్క లడ్డు తిన్న, అరగంటల చెమటలు, గుండె దడ, ఉరుకుడే ఉరుకుడు" అన్నాడు. తీపి ఒక్కసారిగా చిన్నపేగులోకి దూకితే అలా అవుతుంది, డంపింగ్ అంటారు. ఒకే కుటుంబంలో ఒకరికి రాక బాధ, ఒకరికి ఆగక బాధ. ఫోన్లో మేం మాట్లాడుకునేవి పక్కవాళ్లు వింటే ఏమనుకుంటారో.

ఒక విషయం మాత్రం సిరప్‌తో సరిపెట్టుకునేది కాదు. కడుపు ఉబ్బి, గ్యాస్ కూడా పోకుండా, వాంతులవుతూ, నొప్పి మెలిపెడితే అది మలబద్ధకం అనుకొని ఇంట్లో కూర్చోవద్దు. పేగు అడ్డుపడిందేమో చూడాలి, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకు ఏళ్ల తరువాత కూడా రావచ్చు. ఐరన్‌తో వచ్చే నలుపు ఒకటి, తారులా జిగురుగా, వాసనతో, కళ్లు తిరుగుతూ వచ్చే నలుపు ఇంకొకటి. రెండోది లోపల రక్తం పోతోందని అర్థం, ఆ రాత్రే ఆస్పత్రికి పోవాలి.

బరువు తగ్గాక వచ్చిన ఒక లాభం గురించి ఎవరూ చెప్పలేదు, చెప్పుకునేది కూడా కాదేమో. లావుగా ఉన్నప్పుడు మోకాళ్లు వంగక ఇంట్లో కమోడ్ పెట్టించుకున్నాం. దాని మీద కాళ్లు వేలాడేసి ముక్కేకన్నా, కాళ్ల కింద పీట వేసుకొని ముందుకు వంగితే తేలిగ్గా ఉంటుందని డైటీషియన్ చెప్పింది. కూర్చునే తీరు మారితే లోపల దారి తిన్నగా అవుతుందట. కొన్నాళ్లు పీటతో నడిచింది. ఇప్పుడు మోకాళ్లు పూర్తిగా వంగుతున్నాయి. వెనక ఉన్న పాత లెట్రిన్‌లో గొంతుక్కూచుంటున్నాను. కమోడ్ అత్తమ్మకు వదిలేశాను.

పోయిన పరీక్షలో హిమోగ్లోబిన్ 11.6. ఐరన్ రోజు విడిచి రోజే ఇంకొన్నాళ్లు సాగించమన్నారు. ఎన్నికల డ్యూటీకో, పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కో పోతే మాత్రం ఇప్పటికీ బిగుస్తుంది. ఆ రోజులకని పౌడర్ ప్యాకెట్లు నాలుగు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకొనే ఉంటాను.