పాటలో ఉంది కదా అని

టెక్సస్‌లో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు నా ప్రాజెక్ట్ పార్ట్‌నర్ ఒక బ్లాక్ కుర్రాడు. ఒక శనివారం రాత్రి వాడి కార్లో నేనూ నా రూమ్మేటూ ఇంటికొస్తున్నాం. ర్యాప్ పాట మోగుతోంది, వెనక సీట్లో రూమ్మేట్ గొంతు కలిపి పాడుతూ పాడుతూ ఎన్-వర్డ్, అంటే నల్లజాతివాళ్లని తిట్టడానికి తెల్లవాళ్లు వాడిన మాట, కూడా పాడేశాడు. డ్రైవ్ చేస్తున్నవాడు చెయ్యి చాచి వాల్యూమ్ పూర్తిగా తగ్గించేశాడు. సిగ్నల్ దగ్గర ఆగాక, "మా నాన్నమ్మ ముందు నేను కూడా ఆ మాట అనను" అన్నాడు, అంతే. వాడూ వాళ్ల అన్నా ఒకరినొకరు ఆ మాటతోనే పిలుచుకోవడం నేను చాలాసార్లు విన్నాను. ఒకే ఇంట్లో రెండు పద్ధతులు.

"వాళ్లలో వాళ్లు అనుకుంటారు, మనం అంటే తప్పా?" అని రూమ్మేట్ ఆ రాత్రంతా వాదించాడు. వరసలు తెలిసిన మనకి ఇది ఒకరు విడమరిచి చెప్పాలా? బావ ఆటపట్టిస్తూ అన్న మాటకి నవ్వేస్తాం, అదే మాట దారినపోయేవాడు అంటే కాలర్ పట్టుకుంటాం. పైగా ఇది సరసానికి పుట్టిన మాట కాదు, మనుషుల్ని వేలం వేసినవాళ్లు, చెట్లకి ఉరేసినవాళ్లు అన్న మాట. దాని చివరి 'ర్'ని అరగదీసి, అన్నా తమ్ముడూ అన్నంత దగ్గరి పిలుపుగా మార్చుకున్నారు నల్లజాతివాళ్లు.

అలాగని అందరూ ఒప్పుకున్నారని కాదు. బ్లాక్ కమెడియన్ రిచర్డ్ ప్రయర్ 1974లో ఆ మాటనే టైటిల్‌లో పెట్టి తెచ్చిన ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది. అదే మనిషి 1979లో కెన్యా వెళ్లి, ఒక హోటల్ లాబీలో కూర్చుని చుట్టూ చూస్తే, అన్ని పనులూ చేసుకుంటున్న నల్లజాతి మనుషులు కనిపించారు కానీ, ఆ మాటకి సరిపోయేవాడు ఒక్కడూ కనిపించలేదట. ఇక అననని తర్వాత స్టేజి మీదే చెప్పాడు. జనాన్ని నవ్వించి సంపాదించిన మాటని తనే వదిలేయడం నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది. 2007 జులైలో డెట్రాయిట్‌లో నల్లజాతివాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ వాళ్లు ఆ మాటకి ఏకంగా అంత్యక్రియలే చేశారు, గుర్రాల బండి మీద శవపేటిక పెట్టి ఊరేగించారు. మాట మాత్రం చావలేదు. 2018లో అలబామాలో బ్లాక్ ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఒక తెల్లమ్మాయిని స్టేజి మీదికి పిలిస్తే, పాటలో ఉన్న ఆ మాటని ఆమె ఉన్నదున్నట్టు పాడింది. ఆయనే ఆపాడు. రాసిందీ ఆయనే, పిలిచిందీ ఆయనే కదా అని ఆ అమ్మాయిని వెనకేసుకొచ్చినవాళ్లూ ఉన్నారు. పిలిచింది పాడమని, ఆ మాట అనమని కాదు.

రంగు ఒకటైతే సరిపోతుందనీ కాదు. 2013లో న్యూయార్క్‌లో బ్లాక్ బాస్ తన బ్లాక్ ఉద్యోగినిని ఆ మాట అంటే, జ్యూరీ ఆమెకి రెండున్నర లక్షల డాలర్లకి పైగా పరిహారం ఇప్పించింది. పెత్తనం చేసేవాడి నోట్లోంచి వస్తే ప్రేమగా అన్నానంటే ఎవరు నమ్ముతారు?

మన దగ్గరా తిట్టుగా వాడిన పేరుని తలెత్తుకుని చెప్పుకున్నవాళ్లు ఉన్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగల హక్కుల ఉద్యమం దండోరా తర్వాత ఎంతోమంది తమ పేరు చివర 'మాదిగ' అని పెట్టుకున్నారు. అది వాళ్ల సొంత పేరు, ఎన్-వర్డ్ బయటివాళ్లు అంటగట్టింది, ఆ తేడా ఉంది. కానీ ఆ పేరుని వాళ్లు గర్వంగా రాసుకున్నారని ఇంకొకడు తిట్టడానికి వాడితే ఊరుకోరు కదా, ఊరుకోకూడదు కూడా.

ఎన్-వర్డ్ ఉంచుకోవాలా పాతిపెట్టాలా అన్నది వాళ్లు తేల్చుకుంటారు. మనం తేల్చుకోవాల్సింది 'నల్లోడు' సంగతి. అమెరికాలో మన ఇళ్లల్లో, కార్లల్లో ఎంత తేలిగ్గా దొర్లుతుందో ఆ మాట! మొన్న ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో ఒకాయన "నల్లోళ్ల ఏరియాలో ఇల్లు కొన్నాడేంట్రా వాడు" అని గట్టిగా అన్నాడు. పక్కనే కేటరింగ్‌కి వచ్చిన బ్లాక్ అమ్మాయి ప్లేట్లు సర్దుతోంది. "ఆ మాట వద్దన్నా" అన్నాను.

"ఆ అమ్మాయికి తెలుగు రాదులే" అన్నాడు.

ఆమె సర్దడం ఆపి మా ఇద్దరి ముఖాలూ చూస్తోంది.