నీరు ఇంకని మడి

మా పెరటి కూరగాయల మడిలో పోసిన నీళ్లు లోపలికి దిగకుండా పైనే నిలిచి, కాసేపటికి గట్టు దాటి పారిపోతున్నాయని గమనించడానికి నాకు రెండు పంటల కాలం పట్టింది. అంతవరకూ నా దృష్టంతా ఆకుల మీదే ఉండేది. టమాటా ఆకులు పాలిపోతే నత్రజని తక్కువైందనుకుని యూరియా చల్లేదాన్ని, వంగ పూత రాలితే మరో ఎరువు కోసం వెతికేదాన్ని. మొక్కలు వారం రోజులు పచ్చబడి మళ్లీ మొదటికే వచ్చేవి. లోపం తిండిలో కాదు, ఆ తిండి వేరుకు అందే దారిలో ఉందన్న సంగతి, ఎండిన మట్టిగడ్డ ఒకదాన్ని గాజు గ్లాసులోని నీటిలో వేసి చూసిన రోజున తెలిసింది.

ఆ పరీక్షకు ఖర్చేమీ లేదు. జీవమున్న నేల నుంచి తీసిన గడ్డ నీటిలో చాలాసేపు తన ఆకారం నిలుపుకుంటుంది. సత్తువ ఉడిగిన నేల గడ్డ నిమిషాల్లో విచ్చిపోయి బురదనీరుగా మారుతుంది. మా మడి మట్టి, గ్లాసు బల్లమీద పెట్టి గడియారం వైపు తిరిగేలోపే సగం కూలిపోయింది. మట్టి రేణువులను చిన్న చిన్న ఉండలుగా పట్టి ఉంచేది బాక్టీరియా, వేళ్లు స్రవించే జిగురు, శిలీంధ్రాల సన్నని పోగులు. ఆ జీవులకు ఆహారం సేంద్రియ పదార్థం. ఏటా తవ్వి, ఏటా పంట కోసుకుని, నేలకు తిరిగి ఏమీ ఇవ్వకపోతే అవి ఉన్న నిల్వను తినేసి పలచబడతాయి, జిగురు తగ్గుతుంది, చినుకు దెబ్బకు ఉండలు చితికి ఆ సన్నని రేణువులే రంధ్రాలను పూడ్చివేస్తాయి. పైన పెచ్చు కట్టేది అందుకే.

తోట నేల ఎలా ఉండాలో చెప్పేటప్పుడు తరచుగా వాడే లెక్క ఒకటుంది: ఘనపరిమాణంలో దాదాపు 45 శాతం ఖనిజ రేణువులు, 25 శాతం నీరు, 25 శాతం గాలి, మిగిలిన 5 శాతం సేంద్రియ పదార్థం. చూడటానికి స్వల్పమైన ఆ 5 శాతమే నీటికీ గాలికీ చోటు మిగిల్చేది. అందుకే సాయిల్ కండిషనర్ అనే మాటను నేను ఎరువు అనే మాట నుంచి వేరుగా పెట్టుకుంటాను. ఎరువు మొక్కకు పెట్టే తిండి; కండిషనర్ నేలను గుల్లబరిచే పదార్థం. కంపోస్టు అలాంటి కండిషనరే. దానిలో నత్రజని సాధారణంగా 1 నుంచి 2 శాతమే ఉంటుంది, అందులోనూ మొదటి ఏడు మొక్కకు అందేది కొద్ది భాగమే. రెండు వారాల్లో ఆకు రంగు మారలేదని దాన్ని తప్పుపట్టడం అన్యాయం.

ఇంత తెలిశాక కూడా నేను చేసిన మొదటి పని తప్పే. కుప్ప పూర్తిగా చివికిందో లేదో చూడకుండా, రంపపు పొట్టు దండిగా కలిసిన కంపోస్టును మడిలో లోతుగా కలిపేశాను. నాటిన నారు పది రోజుల్లో పసుపు తిరిగింది. సూక్ష్మజీవుల శరీరంలో కర్బనం, నత్రజని సుమారు 8:1 పాళ్లలో ఉంటాయి. శ్వాసలో పోయే కర్బనాన్ని కూడా లెక్కవేస్తే వాటి ఆహారంలో ఆ నిష్పత్తి 24:1 దగ్గర ఉండాలి. రంపపు పొట్టులో అది కొన్ని వందలకు 1. తక్కువ పడిన నత్రజనిని అవి చుట్టూ ఉన్న మట్టి నుంచి లాక్కుంటాయి, మొక్క ఆ పోటీలో నిలవలేదు. అదే పొట్టును పైన పలచగా పరిస్తే ఈ చిక్కు అంతగా ఉండదు, ఎందుకంటే కుళ్లడం మట్టి ఉపరితలం దగ్గరే జరుగుతుంది. కలపడానికీ కప్పడానికీ ఇంత తేడా ఉంటుందని నేను ఊహించలేదు.

ఇప్పుడు కంపోస్టును ముక్కుతోనే పరీక్షిస్తాను. మాగినది ముదురు గోధుమ రంగులో, పొడిపొడిగా, వేడి లేకుండా, వాన పడిన మట్టి వాసనతో ఉంటుంది. అందులో ఏ ఆకు ఏదో గుర్తుపట్టలేము. అనుమానం ఉంటే పిడికెడు తడి కంపోస్టును గాలి చొరని సంచిలో కొన్ని రోజులు మూసి ఉంచి తెరుస్తాను. పుల్లని వాసనో అమోనియా ఘాటో వస్తే ఇంకా ఆగాలి. పశువుల ఎరువు విషయంలో మరో జాగ్రత్త కావాలి. పచ్చిక బయళ్లలో వాడే అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ వంటి కలుపు మందులు పశువు కడుపును దాటి, కంపోస్టు కుప్పనూ దాటి మిగిలి ఉండగలవు. ఎక్కడినుంచి తెచ్చినా ముందు ఒక కుండీలో కలిపి నాలుగు చిక్కుడు గింజలు వేసి చూడటం మేలు; కొత్త ఆకులు ముడుచుకుని వంకరలు పోతే ఆ ఎరువును మడిలోకి రానివ్వకూడదు.

బంకమట్టిలో ఇసుక కలపమనే సలహా నాకు చాలామంది ఇచ్చారు. కొద్దిపాటి ఇసుక బంకమట్టిని మరింత బిగుసుకునేలా చేస్తుంది. మార్పు కనిపించాలంటే మడి మట్టిలో సగానికి పైగా ఇసుకే కావలసి వస్తుంది. కొబ్బరి పొట్టు నీటిని బాగా పట్టి ఉంచుతుంది గాని పోషకాలు తక్కువ, కడగనిదైతే ఉప్పు కూడా ఉంటుంది.

రెండోసారి పద్ధతిగా మొదలుపెట్టాను. 5 సెంటీమీటర్ల మందాన మాగిన కంపోస్టు పరచి, పై 10 నుంచి 15 సెంటీమీటర్ల మట్టిలో మాత్రమే కలిపాను. 10 చదరపు మీటర్ల మడికి అది 500 లీటర్లు. లెక్క వేసుకోకుండా ఒక బస్తా తెచ్చి అంతా చల్లితే ఫలితం ఎందుకు కనిపించదో దీన్నిబట్టి అర్థమవుతుంది. పిడికిట్లో నొక్కిన మట్టి ముద్దగా మిగిలిపోతే ఆ రోజు పార పట్టలేదు, తడి బంకమట్టిని తవ్వితే ఉన్న కాస్త రంధ్రాలూ మూసుకుపోతాయి. ఆ తర్వాత ఏటా 2 సెంటీమీటర్ల పొర పైన వేసి, దానిమీద ఎండుటాకులు కప్పి, లోపలికి చేర్చే పనిని వానపాములకు వదిలేశాను. ఇంకా ఎక్కువ వేయాలనే ఆశను అణచుకోవలసి వచ్చింది. ఏళ్ల తరబడి మోతాదు మించితే భాస్వరం పేరుకుని, మొక్క ఇనుమును, జింకును తీసుకోవడానికి అడ్డుపడుతుంది. అందుకే రెండు మూడేళ్లకొకసారి మట్టి పరీక్ష చేయించాలనుకున్నాను.

అడుగు తీసిన డబ్బా రేకును మట్టిలో కొంత దించి, 25 మిల్లీమీటర్ల ఎత్తు నీరు పోసి, అది ఇంకే సమయాన్ని ఏటా రాసుకుంటున్నాను. మొదటి ఏడు గంట గడిచినా నీరు కనిపిస్తూనే ఉంది. మూడో ఏడు అదే చోట పదిహేను నిమిషాలు చాలలేదు గాని ఇరవై పట్టలేదు. నడవడానికి వాడే అంచు వైపు మాత్రం ఇప్పటికీ నీరు నిలుస్తూనే ఉంది. ఈ ఏడు అక్కడ పలక రాళ్లు వేసి, అడుగు మడిలో పడకుండా చూస్తున్నాను.