నియమాన్ని మించిన కార్డు

ఈ వారం మిత్రులతో, ఒక్కొక్కరూ ఒక పాత్రను నడిపే పాత్రధారణ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో ఎడిషన్ ఆడుతూ, నా పాత్ర అయిన యోధుడి శక్తులను, అంటే అతను చేయగల ప్రత్యేక చర్యలను, విడివిడి కార్డులపై రాసి ముందు పరుచుకున్నప్పుడు, ఈ ఆటపై మ్యాజిక్: ది గ్యాదరింగ్ ప్రభావం ఎంత లోతైనదో నాకు స్పష్టమైంది. రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఆ కార్డుల ఆటను 1993లో విడుదల చేసిన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థే 1997లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురణకర్త టీఎస్ఆర్‌ను కొనుగోలు చేసింది.

మ్యాజిక్‌లో కార్డు మీది వాక్యం సాధారణ నియమంతో విభేదిస్తే కార్డుదే పైచేయి. అందువల్ల మూల నియమాలను కదిలించకుండానే కొత్తదనమంతా కార్డుల్లోకి చేరుతుంది. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ ఇదే పద్ధతిని స్వీకరించి, ప్రతి శక్తినీ ఒకే మూసలో, పేరు, దూరం, ఫలితం వరుసగా కనిపించేలా ముద్రించింది. వాటిలో కొన్ని పోరుకు ఒకసారి, కొన్ని రోజుకు ఒకసారి మాత్రమే అందుతాయి.

ఈ పద్ధతి కథను చంపేసిందన్న విమర్శతో నేను ఏకీభవించను. ఏ శక్తిని ఎప్పుడు ఖర్చు చేయాలన్న ఎంపికలోనే పాత్ర స్వభావం బయటపడుతుంది: నా యోధుడు ఆ రోజుకు మిగిలిన ఒకే ఒక్క గొప్ప దెబ్బను శత్రువుల నాయకుడిపై కాక, గాయపడిన మంత్రగాడి మీదికి వస్తున్న చిన్న రాక్షసుడిపై వాడాడు.