నవల కోసం పవర్‌హౌస్ చూడాలంటే: నా అనుభవం

మొత్తానికి నిన్న పర్మిషన్ కాగితం చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఒడిశాలో కొరాపుట్ జిల్లా జయపురంలో ఉంటూ ఒక పొలిటికల్ థ్రిల్లర్ రాస్తున్నాను. ఎన్నికల ముందు కరెంటు కేంద్రాల మీద వరుసగా దాడులు జరుగుతాయి. రెండు రాష్ట్రాల మంత్రులు తప్పు నీదంటే నీదని తోసుకుంటారు. ఇలాంటి కథకి మా కొరాపుట్ కొండల్ని మించిన చోటు లేదు. మాచ్‌ఖండ్ చూడండి: 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం, 1955 నుంచి ఆంధ్రా, ఒడిశా పంచుకుంటున్న కరెంటు. బలిమెల, అప్పర్ కొలాబ్ జలవిద్యుత్ కేంద్రాలు సరేసరి. నేను అడిగిన కేంద్రం ఏదో మాత్రం రాయను, ఆ ఆఫీసుతో ఇంకా పనుంది.

దరఖాస్తు, ఆధార్ జిరాక్సు, ఫొటోలు తేలికే. రచయితనని రుజువు అడిగితే, కథలు పడిన పత్రికల కాపీలు ఇచ్చాను.

చిక్కంతా ఆ ఆఫీసు పెద్దాయన గదిలోనే. కథాసారంలో ‘దాడి’ అన్న మాట కనిపించిన చోటల్లా ఎర్రసిరాతో సున్నా చుట్టాడు. కూర్చోమనలేదు.

“ఏ ట్రాన్స్‌ఫార్మర్?” అన్నాడు ఒడియాలో.

“కథలోది, ఆజ్ఞా” అన్నాను. ఒడియాలో ‘సార్’ అన్నట్టు.

“ఎవరు పేలుస్తారు?”

“అది చివర్లో తెలుస్తుందండీ.”

“పోలీసులకీ చివర్లోనే చెబుతావా?”

గదినిండా ఉన్న కాంట్రాక్టర్లు పగలబడి నవ్వారు. ఇది నేను కనిపెట్టింది కాదని చెప్పబోయాను. 2013లో కాలిఫోర్నియాలోని మెట్‌కాఫ్ సబ్‌స్టేషన్లో 17 ట్రాన్స్‌ఫార్మర్లను తుపాకులతో కాల్చారనీ, 2015 డిసెంబరులో హ్యాకర్లు ఉక్రెయిన్‌లో రెండు లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు ఆపేశారనీ అన్నాను. ఆయన పెన్ను తీసి అదంతా రాసుకుని, “ఇవన్నీ నీకెలా తెలుసు?” అన్నాడు. తర్వాత గార్డుని పిలిచి నా ఫోన్లో ఫొటోలు తిప్పించాడు. మా అమ్మాయి పుట్టినరోజు దాటి, మా ఇంటి కరెంటు మీటరు దగ్గర ఆగారు. బిల్లు ఎక్కువొచ్చిందని తీసిన ఫొటో అది! దానిమీద కాసేపు విచారణ. చివరికి “మీ తెలుగువాళ్లు సినిమాలు ఎక్కువ చూస్తారు” అని ఫైలు పక్కన పడేశాడు.

ఇక్కడ భయం ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటాను. 2008లో బలిమెల జలాశయంలో మావోయిస్టులు ఆంధ్రా గ్రేహౌండ్స్ పోలీసుల పడవ మీద కాల్పులు జరిపితే 30 మందికి పైగా చనిపోయారు. కానీ దాడి చేసేవాడు ఆధార్ జతచేసి, ఇన్‌వార్డులో సీలు వేయించుకుని వస్తాడా? అడిగి వచ్చినవాణ్ని దొంగలా చూస్తే రేపు ఎవడూ అడగడు.

పోలీసు వెరిఫికేషన్‌కి వచ్చిన ఏఎస్సై మాత్రం టీ తాగి, నవలలో పోలీసు మంచివాడేనా అని అడిగి వెళ్లాడు.

నాకు అసలు ఉపకారం చేసింది మా వీధిలో ఉండే రిటైర్డ్ ఆపరేటర్ గారు. “బాంబు సంగతి వదిలేయ్ బాబూ, స్పేరు సంగతి రాయి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కొట్లో దొరికే వస్తువు కాదు. ఆర్డరిచ్చాక ఏడాది పైనే పట్టొచ్చు. వచ్చినా మన ఘాటు రోడ్డెక్కాలి” అన్నారు. ఆ ఒక్క మాటతో కథ తిరిగిపోయింది. ఇప్పుడు విలన్ చేతిలో తుపాకీ లేదు, సంతకం పెట్టకుండా అట్టిపెట్టిన స్పేరు ఫైలుంది. ఇంత మంచి విలన్ తెలుగు థ్రిల్లర్లో ఈమధ్య రాలేదని గట్టిగా చెప్పగలను. రూపురేఖలు ఎవరివో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మీరెవరైనా వెళితే దరఖాస్తులో ‘నవల’ అని రాయండి, ‘థ్రిల్లర్’ అనకండి. కథాసారం అడిగేదాకా ఇవ్వకండి. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లండి. నా కాగితంలో గంటసేపు, కెమెరా లేదు, ఫోన్ లేదు అని ఉంది. నోటుపుస్తకం గురించి ఏమీ రాయలేదు. నేనూ అడగదలచుకోలేదు.