డీఓ డబ్బా బ్యాటరీని ఏది తింటోందో దొరికింది: నా అనుభవం

ఈ వారంతో నా తలనొప్పి తీరింది. ఇంకెవరూ పడకూడదని వేడిగా ఉండగానే రాస్తున్నాను.

మాది భీమవరం దగ్గర. వనామీ రొయ్యల చెరువులు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) చూడటానికి చేత్తో మోసుకెళ్లే డబ్బా ఒకటి కొన్నాం. ఆక్సిజన్ తగ్గితే బజర్ మోగుతుంది, కాపలా అబ్బాయి లేచి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకుంటాడు. ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారుజామునే, బ్యాటరీ అయిపోయి డబ్బా ఆగిపోయేదీ దాదాపు ఆ వేళకే. రొయ్యలు పైకి తేలాక తెలిసి ఏం లాభం?

కంపెనీ సర్వీసు అబ్బాయిని పిలిచాను. మూత కూడా విప్పలేదు. "బ్యాటరీ వీకండి, పెద్దది వేయించుకోండి" అన్నాడు. సెల్స్ కొత్తవే, లోపల ఏదో వేడెక్కుతోంది, చూడమన్నాను. "మీరు చెరువులు చూసుకోండి సార్, సర్క్యూట్లు మీకెందుకండీ" అన్నాడు. గట్టు మీద పక్క చెరువుల రైతులందరూ ఉన్నారు. మా బాబాయి నా మొహంలోకి చూసి తల దించుకున్నాడు. ఎన్ని "అండీ"లు తగిలించినా అవమానం అవమానమే. ఆ సాయంత్రమే మూత నేనే విప్పాను.

లోపల 18650 అనే లిథియం సెల్స్ మూడు సిరీస్‌లో, అంటే 11.1 వోల్టులు. సర్క్యూట్‌కి కావలసింది 5. మధ్యలో వోల్టేజి తగ్గించే 7805, మూడు కాళ్ల పాతకాలపు లీనియర్ రెగ్యులేటర్. వేలు ఆనించి ఉంచలేనంత వేడి! కాలవ నీరంతా తూములోంచి లాగి, చేనుకి సగం పెట్టి, సగం మురుగుకాలవలోకి వదిలేయడమే దాని పని. సర్క్యూట్ 80 మిల్లీ యాంపియర్లు తీసుకుంటే బ్యాటరీ నుంచీ అంతే లాగుతుంది, తనకోసం ఇంకో ఐదు. మిగిలిన 6.1 వోల్టులూ వేడిగా పోతాయి. 2600 మిల్లీ యాంపియర్ అవర్ సెల్స్ 30 గంటలకు మించి రావు. బ్యాటరీ పెద్దదైతే వృథా కూడా అంత పెద్దది!

స్విచింగ్ రెగ్యులేటర్ అలా చేయదు. స్విచ్‌ని సెకనుకు లక్షసార్లకు పైగా వేసి తీస్తూ, ఆ శక్తిని కాయిల్‌లో దాచి, కావలసినంతే వదులుతుంది. వోల్టేజి తగ్గినంత మేరా బ్యాటరీ నుంచి తీసుకునే కరెంటు తగ్గుతుంది. ఎల్‌ఎం2596 అనే స్విచింగ్ ఐసీ ఉన్న చిన్న మాడ్యూల్ తెచ్చి వేశాను. లోడ్, అంటే డబ్బా సర్క్యూట్, కలపకముందే దాని మీది ఇత్తడి స్క్రూ తిప్పి 5 వోల్టులకు తెచ్చుకోండి, లేకపోతే బోర్డు మాడిపోతుంది. 80 శాతం సామర్థ్యం లెక్కన బ్యాటరీ మీద భారం 45 మిల్లీ యాంపియర్లకు దిగింది. దాదాపు రెట్టింపు సమయం.

అసలు కథ ఇక్కడ మొదలైంది. డబ్బా సెట్టింగుల్లో పావుగంటకోసారి అర నిమిషం మాత్రమే లేచి రీడింగ్ తీసే ఆప్షన్ ఉంది. అది పెడితే సగటున ఒకటిన్నర మిల్లీ యాంపియర్లు చాలు, నెలలు రావాలి. కానీ బ్యాటరీ మాత్రం గబగబా దిగిపోతోంది. ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు, రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. చివరికి మల్టీమీటర్‌ని మిల్లీ యాంపియర్ రేంజిలో బ్యాటరీకి సిరీస్‌గా పెట్టి, డబ్బా నిద్రలో ఉండగా చూశాను. ఆరు దాటింది! మాడ్యూల్ మీద ఎర్ర లైటు ఉంది, దాన్ని పీకేశాను. ఐదు దగ్గరకొచ్చి ఆగిపోయింది. డేటాషీట్ తీస్తే అందులోనూ అదే ఉంది, ఆ ఐసీ తన సొంతానికే మామూలుగా ఐదు మిల్లీ యాంపియర్లు తింటుంది. 7805 తినేదీ ఐదే. అంటే డబ్బా పడుకున్నంతసేపూ రెండిటికీ తేడా లేదు. అమ్మేవాళ్లు పెద్ద అక్షరాలతో వేసే 92 శాతం సామర్థ్యం ఎక్కువ లోడ్ మీద వచ్చే అంకె, మనలాంటి నిద్రపోయే పరికరానికి పనికిరాదు. ఆ ముక్క షాపులో ఒక్కరూ చెప్పరు.

కొనేటప్పుడు చూడాల్సింది క్వయసెంట్ కరెంటు, అంటే ఐసీ తన సొంతానికి తినే కరెంటు. టీపీఎస్62125 అనే ఐసీ లోడ్ లేనప్పుడు తీసుకునేది 13 మైక్రో యాంపియర్లు, అంటే మిల్లీలో డెబ్బయ్యో వంతు కన్నా తక్కువ. లోడ్ తక్కువైతే స్విచ్ వేయడం కూడా మానేసి అవసరమైనప్పుడే ఒక పల్స్ ఇస్తుంది. డయోడ్ బదులు లోపలే స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ ఉంటుంది కాబట్టి అక్కడి నష్టమూ తక్కువ. 300 మిల్లీ యాంపియర్లు దాటితే మాత్రం అది సరిపోదు, నా డబ్బాకి సరిపోయింది. ఇప్పుడు లెక్క ప్రకారం సెల్స్ రెండు నెలలు దాటాలి.

స్విచింగ్ వల్ల నీళ్లలో ముంచే ప్రోబ్ రీడింగ్ అటూ ఇటూ గెంతుతుంది. ప్రోబ్ ఇచ్చేది మిల్లీ వోల్టులే, స్విచింగ్ రొద తట్టుకోదు. ఆ ఒక్క భాగానికి 5 నుంచి 3.3 వోల్టులకి, క్వయసెంట్ కరెంటు తక్కువున్న చిన్న లీనియర్ పెట్టండి, అప్పుడు అక్కడ పోయే కరెంటు లెక్కలోది కాదు. ఉప్పు గాలికి బోర్డు మీది రాగికి చిలుము పడుతుంది, వార్నిష్ పూయండి.

సర్వీసు అబ్బాయికి ఫోన్ చేసి మీటర్ ఫోటోలు పంపాను. పైవాళ్లకు చెబుతానన్నాడు. ఇంతవరకూ కబురు లేదు. బాబాయి డబ్బా ఇప్పుడు నా బల్ల మీద ఉంది, దాని వెనక ఇంకో రెండు.