కబురు ఒక దారిన, మాట ఒక దారిన

మా మాదాపూర్ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లల ముందు నేను నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లని చూపించే వైర్‌షార్క్ తెరిచి, ఇంటర్నెట్ మీద నడిచే ఒక ఫోన్ కాల్‌ని పట్టి చూపిస్తాను. కాల్‌ని కలపడానికీ ముగించడానికీ రెండు వైపులా పంపుకునే కబుర్ల పద్ధతి పేరు సిప్. ఆ కబుర్లు ఇవి: ఇన్వైట్, 100 ట్రయింగ్, 180 రింగింగ్, 200 ఓకే, ఆక్, ఫోన్ పెట్టేస్తే బై. అంతా మామూలుగా చదువుకోగలిగే అక్షరాలే. అమీర్‌పేటలో వెబ్ కోర్సు చేసొచ్చిన వాళ్లు వెంటనే పట్టేస్తారు: "మేడమ్, ఇది అచ్చం హెచ్‌టీటీపీలాగే ఉందే!" వెబ్ పేజీలు తెచ్చే ఆ హెచ్‌టీటీపీ నమూనాలోనే సిప్‌ని రాసినవాళ్లు కావాలనే రాశారు. లేని అడ్రసుకి చేస్తే ఇక్కడా 404 వస్తుంది. అవతల బిజీ అయితే 486.

హెన్నింగ్ షుల్జ్‌రిన్, మార్క్ హ్యాండ్లీ, ఈవ్ స్కూలర్, జొనాథన్ రోజెన్‌బర్గ్ కలిసి రాసిన సిప్ 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2543 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చింది. ఇప్పుడు మేం వాడేది 2002 నాటి 3261.

కబురునీ (అంటే కాల్ కలిపే సిగ్నలింగ్) మాటనీ (అంటే వినిపించే గొంతు) విడదీయడం సిప్‌కి ముందే మొదలైంది. ఒకప్పుడు ఎక్స్ఛేంజీలని కలిపే ట్రంకు లైన్ల మీద రెండూ ఒకే తీగలో నడిచేవి. అమెరికాలో 2600 హెర్ట్జ్ కూత వేసి, ఎక్స్ఛేంజీని నమ్మించి, డబ్బు కట్టకుండా మాట్లాడిన కుర్రాళ్లున్నారు. తర్వాత సిగ్నలింగ్‌కి వేరే నెట్‌వర్క్ పెట్టారు. ఎస్ఎస్7 ఆ కోవలోదే. అయితే మాట కోసం సెకనుకు 64 కిలోబిట్ల చానల్‌ని దారి పొడవునా పట్టి ఉంచాల్సిందే. సిప్‌తో ఆ అవసరం పోయింది. కబురు సర్వర్ల గుండా వెళ్తుంది, మాట ఆర్‌టీపీ (గొంతుని మోసే పద్ధతి) ప్యాకెట్లుగా వీలైతే నేరుగా ఫోన్ నుంచి ఫోన్‌కి పోతుంది.

మాకొచ్చే ఫిర్యాదు టికెట్లలో నాకు బాగా ఇష్టమైనది ఇక్కడే పుడుతుంది. "రింగ్ అవుతోంది, ఎత్తుతున్నారు, కానీ మాట ఒకవైపే వినిపిస్తోంది." ఇన్వైట్ లోపల ఎస్‌డీపీ అని ఉంటుంది. మాటని ఏ అడ్రసుకి, ఏ పోర్టుకి పంపాలో అందులో రాసి ఉంటుంది. ఇంటి రౌటర్ వెనకున్న ఫోన్ అక్కడ 192.168తో మొదలయ్యే తన లోపలి అడ్రసు రాస్తుంది. రౌటర్ కవరు మీది అడ్రసు మారుస్తుంది గానీ లోపలి ఉత్తరం ముట్టుకోదు. అవతలి ఫోన్ ఆ ఉత్తరాన్ని నమ్మి, ఎవరికీ చేరని చోటికి మాటలు పంపుతూనే ఉంటుంది. కబురు క్షేమంగా చేరి మాట మాత్రం దారి తప్పే ఈ ఒక్క సమస్య అర్థమైతే సిప్ సగం వచ్చినట్టే. ఫోన్‌కి తన బయటి అడ్రసు చెప్పే స్టన్, మధ్యలో నిలబడి కాల్‌ని సరిచేసే ఎస్‌బీసీ లాంటివి చాలావరకు దీని చుట్టూ పుట్టినవే.

టెలికాం, ఇంటర్నెట్ కలిసిపోవడం మన చేతుల్లోనే జరిగింది. పాత నెట్‌వర్క్‌లలో 4జీ ఫోన్‌కి కాల్ రాగానే అది 2జీకో 3జీకో దిగేది, 2జీ అయితే నెట్ ఆగిపోయేది. 2016 సెప్టెంబర్‌లో జియో 4జీ ఒక్కదాంతోనే వచ్చింది కాబట్టి కాల్స్ అన్నీ వోల్టీఈ (4జీ నెట్‌వర్క్ మీదే కాల్స్ నడిపే పద్ధతి) మీదే నడపాల్సి వచ్చింది. వోల్టీఈ అంటే ఆపరేటర్ల దగ్గర కాల్స్ నడిపే ఐఎంఎస్ అనే వ్యవస్థ, ఐఎంఎస్ అంటే లోపల సిప్. దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయలమ్మే ఆమె తన వోల్టీఈ ఫోన్ ఆన్ చేసినా అది రిజిస్టర్ అనే సిప్ మెసేజ్ పంపుతుంది. నాకిది ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది.

బాధ వేరే చోట ఉంది. సిప్ అడ్రసు ఈమెయిల్ అడ్రసులాగే పేరు, డొమైన్‌తో ఉంటుంది. ఎవరైనా సొంత సర్వర్ పెట్టుకుని ఎవరికైనా కాల్ చేయాలన్నది అందులోని ఆశ. 2002 ఏప్రిల్‌లో మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీని అనుమతించినప్పుడు కంప్యూటర్ నుంచి దేశంలోని మామూలు ఫోన్‌కి కలపకూడదన్నారు. 2018లో సడలించినా అది లైసెన్సున్న ఆపరేటర్లకే. ఆపరేటర్లు సిప్‌ని తమ గోడల లోపల పెట్టుకున్నారు, యాప్‌లు వాటి గోడలు అవి కట్టుకున్నాయి. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు వాట్సాప్‌లో, మా వదిన సిగ్నల్‌లో. ఒకదాన్నుంచి ఇంకోదానికి కాల్ పోదు. జీమెయిల్ నుంచి యాహూకి ఉత్తరం పోతుంది కదా, కాల్ ఎందుకు పోకూడదు? యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ చట్టం పెద్ద మెసేజింగ్ యాప్‌లు, అడిగిన ఇతర యాప్‌లతో కలవాలని చెప్పింది, కాల్స్‌కి గడువు కాస్త ఎక్కువిచ్చింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇక్కడ ఇలాంటి విషయం మీద అభిప్రాయాలు అడిగిన రోజున నేను రాసి పంపేది ఇదే: యాప్ ఏదైనా కాల్ అవతలికి పోవాలి.